సరిపోల్చే పరీక్ష

జూన్ 4, గురువారం

అయిదుకి అయిదు స్టార్లూ వచ్చేశాయి.

మధ్యాహ్నం మా కార్ల పరీక్షా కేంద్రం హాల్లో తెర మీద కొత్త కారు భద్రతా ఫలితం వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొట్టకపోతే బాగుండదు కదా. ఆ కారు బాడీకి ప్రాణం పోసినవాడు నా తోడల్లుడు. ఇంట్లో అందరికీ చిన్నల్లుడు. ఈ డైరీలో మాత్రం దొరగారు.

ఈ బండి పరీక్షకు రాగానే నేనే డైరెక్టర్ గదికి వెళ్ళి, తయారుచేసింది మా బంధువు కాబట్టి తప్పుకుంటానని చెప్పాను. "మీలాంటివాళ్ళు ఉండబట్టే జనం మనల్ని నమ్ముతున్నారు" అన్నారాయన. నా బదులు బొమ్మలమ్మ పరీక్ష నడిపింది. గుద్దే బండిలో కూర్చోబెట్టే నిలువెత్తు బొమ్మలకి మా దగ్గర ఆవిడే తల్లీ, డాక్టరూ. అందుకే ఆ పేరు.

నేను తప్పుకున్నది నిజాయితీ కోసమే. దొరగారి బండి గొప్పగా ఉందని నా చేత్తో రాయాల్సి వస్తుందేమోనన్న భయంతో కాదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ చెల్లెలితో ఫోన్లో ఉంది. ముఖం వెలిగిపోతోంది. ఫోన్ పెట్టేసి టీ ఇస్తూ, "మీరు రోజూ కార్లు గుద్ది పారేస్తారు కదా, ఎప్పుడైనా ఒక్కటి తయారుచేశారా?" అంది. సరదాకే అంది. నేను కూడా సరదాకే టీ తాగకుండా లేచిపోయాను.

జూన్ 7, ఆదివారం

మామగారింట్లో భోజనం. ఆయన ఆ కారే బుక్ చేశారట.

జీవితమంతా బస్సు నడిపిన మనిషి. సొంతానికి ఎప్పుడూ నాలుగు చక్రాల బండి లేదు. ఇప్పుడు కొంటున్నారు, అదీ అల్లుడు చేసింది. పక్కింటాయన్ని పిలిచి మరీ చెబుతున్నారు: "మా చిన్నల్లుడి కారండీ. అయిదు స్టార్లు! ఏనుగొచ్చి గుద్దినా చెక్కు చెదరదు."

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "మామయ్యా, ఆ స్టార్లు మేం గుద్దిన తీరులో గుద్దితేనే వర్తిస్తాయి. ఇంత వేగం, ఇంత కోణం అని ఓ లెక్క ఉంటుంది. దాన్ని దాటితే ఎవరూ పూచీ పడరు" అన్నాను.

"అంటే ఏంటి అల్లుడూ, అవతలి లారీవాణ్ణి ఆపి, బాబూ, మా పెద్దల్లుడు గుద్దినట్టే గుద్దు అని బతిమాలుకోవాలా?"

ఇల్లంతా నవ్వు. మా పిట్ట, నా సొంత కూతురు, తొమ్మిదేళ్ళది, అది కూడా కిందపడి నవ్వింది.

దొరగారు మాత్రం నవ్వలేదు. "అన్నయ్య చెప్పింది నిజమే మామయ్యా. కొత్త మోడల్ కదా, తొందరేముంది? ఓ ఆర్నెల్లు ఆగి కొనండి" అన్నాడు మెల్లగా. వినయం! గెలిచినవాడికి వినయం ఎంత చవకో. "చూశారా, ఎంత అణకువో" అని అత్తయ్యగారు మురిసిపోయారు. నేనూ అదే మాట అన్నాను కదా ఒక్క నిమిషం ముందు. నాది ఏడుపుగొట్టుతనం, వాడిది అణకువ.

జూన్ 11

పరీక్షలో బండి కింద గోతిలోనూ, లోపలా పెట్టిన కెమెరాలు తీసిన ఫిల్మ్ తెప్పించుకుని చూశాను. ఊరికే.

జూన్ 13, శనివారం

మళ్ళీ చూశాను. ఆఫీసుకి సెలవు, అయినా వెళ్ళి చూశాను.

పక్క నుంచి గుద్దే పరీక్ష. బరువైన ట్రాలీ దూసుకొచ్చి కారు నడుం మీద కొడుతుంది. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయేదాన్ని ఫిల్మ్‌లో నిదానంగా, నీళ్ళలో జరుగుతున్నట్టు చూడవచ్చు. తలుపులు లోపలికి వస్తాయి. వాటి కింద పొడుగ్గా పెట్టెలా ఉండే సిల్ వంగడం మొదలవుతుంది. ఇక్కడ విరగాలి. చాలా బళ్ళలో ఇక్కడే విరుగుతుంది. ఇందులో విరగలేదు. సిల్‌కీ కారు అడుగుకీ మధ్య ఏటవాలుగా చిన్న ఉక్కు పట్టీ ఒకటి వెల్డింగ్ చేసి ఉంది. దెబ్బనంతా అది తీసుకుని బండి అడుగంతా పంచేసింది. లోపల బొమ్మ దాదాపు కదల్లేదు.

అరచేతిలో పట్టే ముక్క. దాని చేత ఇంత పని చేయించాడు. ఇన్నేళ్ళుగా ఎన్నో బళ్ళు విరగడం చూశాను, నాకు ఈ ఆలోచన రాలేదు. రాదు కూడా.

ఇది రాశాక ఈ కాగితం చించేయాలనిపించింది.

జూన్ 20

కారు వచ్చింది. ఎర్రది. ఫొటోలో మామగారూ దొరగారూ చెరో తలుపూ పట్టుకుని నిలబడ్డారు. ఫొటో తీసింది నేను.

జూన్ 21, ఆదివారం

అక్షరాలు వంకర పోతున్నాయి.

పొద్దున మామగారింటికి వెళ్ళాం. అందరూ లోపల కబుర్లలో ఉండగా వాకిట్లో నేనూ ఎర్ర కారూ మిగిలాం. తాళం చెవి జారినట్టు నటించి కారు కిందికి దూరాను. ఆ పట్టీని దగ్గర్నుంచి చూడాలనిపించింది. వెల్డింగ్‌లో ఏదైనా లోపం దొరక్కపోదని కూడా అనుకున్నాను. ఇక్కడ అబద్ధం రాసి ఏం లాభం?

పట్టీ లేదు.

ఫోన్ లైటు వేసి చూశాను. అది కూర్చోవలసిన చోట నొక్కు ఉంది, ముక్క లేదు. రెండో వైపుకి పాక్కుంటూ వెళ్ళాను. అక్కడా లేదు. మాకు పరీక్షకు పంపింది ఒక బండి, జనానికి అమ్ముతున్నది ఇంకోటి!

"నాన్నా, కారు కింద పడుకుని ఎందుకు నవ్వుతున్నావు?"

పిట్ట వంగి చూస్తోంది. నేను నవ్వుతున్నానని అది చెప్పేదాకా నాకే తెలియదు.

జూన్ 22

డైరెక్టర్‌కి ఇవాళే చెప్పవచ్చు. కానీ నేను తప్పుకున్నవాణ్ణి. పైగా పూర్తిగా నిర్ధారణ చేసుకోకుండా ఒకరి మీద నింద వెయ్యకూడదు. వచ్చే ఆదివారం అత్తయ్యగారి పుట్టినరోజు. అందరూ ఉంటారు, దొరగారు కూడా ఉంటాడు. ముఖాముఖి అడిగితేనే మర్యాద.

అవును, మర్యాద కోసమే ఆగుతున్నాను.

జూన్ 24

"తమ్ముడూ, ఒక చిన్న సందేహం" అని మొదలుపెట్టాలి. "చిన్న" అన్నచోట కాస్త ఆగాలి. మామగారు అప్పుడు ఎదురుగా కూర్చుని ఉండాలి.

జూన్ 26, శుక్రవారం

పిట్టకి ఏమీ కాలేదు. ముందు అది రాసుకోవాలి. పిట్టకి ఏమీ కాలేదు.

సాయంత్రం బడి నుంచి దాన్ని తాతయ్యే తీసుకొస్తున్నారు, ఈ వారమంతా. కొత్త కారు సరదా. నాకు తెలుసు ఆ సంగతి. రోజూ తెలుసు. మార్కెట్ మలుపులో సామాను వేన్ ఒకటి చూసుకోకుండా వెనక్కి వచ్చి కారు ఎడమ పక్కన గుద్దింది. పెద్ద వేగం కూడా కాదు, మనిషి పరిగెత్తే వేగం. మా ఆవిడ ఫోన్ చేస్తే ఎలా వెళ్ళానో గుర్తులేదు.

వెళ్ళేసరికి పిట్ట అరుగు మీద కూర్చుని ఐస్‌క్రీం తింటోంది. వెనక ఎడమ సీట్లో కూర్చుందట. తలుపు బిగుసుకుపోతే కుడివైపు నుంచి తీశారు. మోకాలి దగ్గర ఎర్రగా కమిలింది, అంతే.

"చూశావా అల్లుడూ, ఎంత గట్టి బండో! వేరే డొక్కు కారైతే పిల్ల ఏమయ్యేదో" అన్నారు మామగారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "మరిది పుణ్యమే నాన్నా" అంది.

వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను తలుపు చూస్తున్నాను. సిల్ నడుం విరిగి లోపలికి పోయింది. అంత చిన్న దెబ్బకే. నా పిడికిలి పెట్టి కొలిచాను. మరో పిడికిలి లోపలికి వచ్చి ఉంటే పిట్ట మోకాలు.

ఆదివారం భోజనాల బల్ల దగ్గర వాడి ముఖం ఎలా మాడిపోతుందో చూడాలని వారమంతా ఆగాను.

జూన్ 27, శనివారం

దొరగారింటికి వెళ్ళాను. మరదలు పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళింది, రేపటి ఏర్పాట్ల కోసం. తలుపు తీసినవాడు గడ్డం కూడా గీసుకోలేదు. వాణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు.

"పిట్ట ఎలా ఉందన్నయ్యా? రాత్రి నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు."

ఇన్నాళ్ళూ మనసులో పాఠంలా వల్లెవేసుకున్న వాక్యం ఒక్క ముక్క కూడా రాలేదు. "నీ పట్టీ ఏది?" అన్నాను.

వాడు కుర్చీలో కూలబడ్డాడు. "రెండు వైపులా లేదా?"

"లేదు. నీకు తెలుసా?"

"ఒక వైపైనా ఉంచుతారనుకున్నాను" అన్నాడు. తర్వాత ఒక్కో మాటా రాలింది. ఆ పట్టీ వెల్డింగ్ చేయడానికి బండిని ఓసారి తిప్పి పెట్టాలట. దానివల్ల ఫ్యాక్టరీ వరస మొత్తం నెమ్మదిస్తోందట. పరీక్షకి బండి ఎలాగూ పంపేశాం, మళ్ళీ ఎవరు చూడొస్తారు అన్నారట పైవాళ్ళు. వీడు ఒప్పుకోనన్నాడు. గట్టిగా అన్నాడు. వారం తిరక్కుండా వేరే విభాగంలో వేశారు.

"ఏ విభాగం?"

"సీట్ల మధ్య గ్లాసు పెట్టుకోవడానికి గూడు ఉంటుంది చూడండి. అది." వాడు నవ్వబోయాడు, రాలేదు. "మీ హాల్లో అయిదు స్టార్లని చప్పట్లు కొట్టిన రోజు నేను ఏ సైజు గ్లాసు పడుతుందో కొలుస్తున్నానన్నయ్యా."

ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. మరదలికి కూడా. ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీ విషయాలు బయటపెట్టనని రాసిచ్చాడు, నోరు విప్పితే కోర్టుకీడుస్తారు.

"మామయ్యకైనా చెప్పొచ్చు కదరా!"

"చెప్పాను. ఆర్నెల్లు ఆగమన్నాను. అంతకంటే గట్టిగా చెప్పే ధైర్యం లేకపోయింది. ఆయన ముఖంలో ఆ సంతోషం చూశాక అసలు నోరు పెగల్లేదు. పిరికితనం. ఇంకేం పేరు పెట్టినా అదే." మళ్ళీ తనే అన్నాడు: "మీరంటే నాకు మొదట్నుంచీ అసూయన్నయ్యా. మీ కేంద్రంలో చెడిందాన్ని చెడిందని చెప్పడమే ఉద్యోగం. అలాంటి చోట పనిచెయ్యాలని ఎంత ఉండేదో."

అసూయ. ఎంత తేలిగ్గా అనేశాడు! మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా.

వాడు దొంగైతే నాకెంత హాయిగా ఉండేది. దొంగ కాదు. పోట్లాడి ఓడినవాడు. ఇప్పుడిక దేన్ని పట్టుకుని వాణ్ణి తీసిపారెయ్యను?

"ఇంతకీ మీరెప్పుడు చూశారు?" అని అడిగాడు గుమ్మం దాకా వచ్చి.

"నిన్నే. గుద్దుకున్నాక" అన్నాను.

జూన్ 28, ఆదివారం

భోజనాలకు ముందే మామగారిని వాకిట్లోకి తీసుకెళ్ళి ఇద్దరం చెప్పాం. ఎక్కువగా వాడే చెప్పాడు. ఆయన కారు చుట్టూ నెమ్మదిగా తిరిగారు. విరిగిన వైపు ఆగి, వంగి, చేత్తో తడిమారు.

"నా సర్వీసులో బ్రేకు సరిగ్గా లేని బస్సు ఒక్కనాడూ బయటికి తియ్యలేదు. డిపో మేనేజర్ తిట్టినా తియ్యలేదు. నిన్న మొన్నటిదాకా మనవరాల్ని దీన్లో కూర్చోబెట్టి పాటలు పెట్టుకుని తిరిగాను" అన్నారు. తర్వాత దొరగారి వైపు తిరిగి, "ఆర్నెల్లు ఆగమన్నావు. నేనే వినలేదు" అన్నారు.

వాణ్ణి తిట్టలేదు! తిడతారనుకున్నాను. ఇలాంటి రోజున కూడా నా మనసు ఆ లెక్కే చూసుకుంటోంది.

జూన్ 30

డైరెక్టర్ గదిలో గంట. ఆయన నిబంధనల పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. కంపెనీ స్వయంగా పంపిన బండికి రేటింగ్ ఇస్తే, తర్వాత షోరూం నుంచి ఒక బండి కొని రెండూ ఒకటేనా అని సరిపోల్చే పరీక్ష "చెయ్యవచ్చు" అని ఉంది. "చెయ్యాలి" అని లేదు. ఆ ఒక్క మాట దగ్గరే ఇన్నేళ్ళుగా అందరం నిద్రపోతున్నాం. నేను కూడా.

"మీరు ఫిర్యాదు చేస్తే చెల్లదు. తప్పుకున్నారు. పైగా..." అని ఆగారు. పైగా మీకు మీ తోడల్లుడంటే పడదని అందరికీ తెలుసు అనబోయారు. అనలేదు, మర్యాదస్తుడు.

"కొన్నవాడు ఫిర్యాదు చేస్తే?"

"చెల్లుతుంది."

మామగారు సాయంత్రమే వచ్చి సంతకం పెట్టారు.

జులై 3

మా ఆవిడకి తెలిసిపోయింది.

పిట్ట అన్నం తింటూ అంది: "అమ్మా, నాన్నకి ఆ కారు విరిగిపోతుందని ముందే తెలుసేమో. కొత్తగా కొన్నాక తాతయ్యవాళ్ళింటికి వెళ్ళాం చూడూ, ఆ రోజు కారు కింద దూరి నవ్వాడు."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "ఏ రోజు?" అంది. పిట్టని కాదు, నన్ను.

నేను కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయాను.

"సోమవారం నుంచి శుక్రవారం దాకా అది రోజూ ఆ బండిలోనే వచ్చింది" అంది. అంతే. అరిస్తే బాగుండేది.

జులై 8

ఇంట్లో మాటల్లేవు. "ఉప్పు" అంటే ఉప్పు వస్తుంది.

జులై 16, గురువారం

ఊరవతల షోరూంలో మావాళ్ళు మామూలు జనంలా వెళ్ళి అదే మోడల్ బండి ఒకటి కొన్నారు. కాకతాళీయంగా అదీ ఎర్రదే. ఇవాళ పరీక్షకి ఫిర్యాదుదారుగా మామగారు వచ్చారు. నాతో పాటు అద్దం వెనక నిలబడ్డారు. లోపలికి వెళ్ళే హక్కు నాకూ లేదు.

బొమ్మలమ్మ ముందు సీట్లో పెద్ద బొమ్మనీ, వెనక సీట్లో చిన్న బొమ్మనీ కూర్చోబెట్టింది. చిన్నదాని జుట్టు సరిచేసినట్టు తల సర్ది, బెల్టు లాగి చూసింది. మామగారు, "ఆ చిన్నది ఎన్నేళ్ళ పిల్ల?" అని అడిగారు.

హారన్ మోగింది. దీపాలు వెలిగాయి. ఇన్నాళ్ళూ ఆ బండి విరగాలనే కోరుకున్నవాణ్ణి, ఆ క్షణంలో నాకు తెలియకుండానే గొణుగుతున్నాను: నిలబడు, నిలబడు, పట్టీ లేకపోయినా నిలబడు. వాడి పనితనం నాకు తెలుసు. ఎక్కడో ఇంకేదో దాచి ఉంచాడేమోననిపించింది.

నిలబడలేదు.

చప్పుడుకి మామగారు కళ్ళు మూసుకున్నారు. ఎన్నో ఏళ్ళు రోడ్ల మీద తిరిగిన మనిషి. మళ్ళీ తెరిచేసరికి గాజు పొడి ఇంకా రాలుతోంది. తలుపు చిన్న బొమ్మ ఒళ్ళోకి వచ్చి ఉంది. బొమ్మలమ్మ లోపలికి వంగి చాలాసేపు చూసింది. బయటికి వచ్చి చేతి తొడుగులు తీస్తూ నాకు రెండు వేళ్ళు చూపించింది.

రెండు స్టార్లు.

"ఆ రోజు అయిదు రాసింది కూడా ఈ చేతులే" అంది తర్వాత, టీ దగ్గర. "నా తప్పేం లేదు, నాకిచ్చిన బండి బాగానే ఉంది. అయినా ఇవాళ అన్నం సయించేలా లేదు."

జులై 23

కంపెనీ ప్రకటన: పరీక్షకు పంపిందీ అమ్ముతున్నదీ ఒకటే డిజైనట. కేంద్రం కొన్న బండి రవాణాలో దెబ్బతిని ఉండవచ్చునట. ఒకవేళ ఏదైనా లోపం ఉంటే దానికి బాధ్యుడు బాడీ డిజైన్ చేసిన ఇంజనీరేనట.

పేపర్లో వాడి ఫొటో వేశారు. మా ఆవిడ దాన్ని మడిచి, పిట్టకి కనబడకుండా దాచింది.

జులై 28

రవాణా అధికారుల విచారణ. కంపెనీ తరఫున ముగ్గురు వకీళ్ళు. పట్టీ అనేది అసలు డిజైన్‌లోనే లేదని వాళ్ళు చెబుతుండగా వెనక తలుపు తీసుకుని దొరగారు లోపలికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు.

"ఆ పట్టీ నేను గీసింది. తీసేయొద్దని రాతపూర్వకంగా చెప్పింది కూడా నేనే. చెప్పి ఊరుకున్నాను, అది నా తప్పు. దానికి ఏ శిక్ష వేసినా వెయ్యండి. కానీ ముందు ఆ బళ్ళు రోడ్ల మీంచి తెప్పించండి" అన్నాడు.

గొంతు పెంచలేదు. చొక్కా ఇస్త్రీ కూడా సరిగ్గా లేదు.

నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. గర్వంగా అనిపించింది. దాని పక్కనే, చెప్పులో రాయిలా, రెండోది కూడా. ఆ చోట నిలబడింది నేనైతే అనిపించింది. నాకు ఆ అవకాశం జూన్ ఇరవై రెండునే వచ్చింది.

జులై 31

వాడి ఉద్యోగం పోయింది. అమ్మిన బళ్ళన్నీ వెనక్కి పిలిచి, పట్టీ వేసి ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. రేటింగ్ రద్దు. నిబంధనలో "చెయ్యవచ్చు" తీసేసి "చెయ్యాలి" పెట్టమని డైరెక్టర్ పైకి రాశారు. పైనుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు.

ఆగస్టు 2, ఆదివారం

మామగారింట్లో అందరం. ఉద్యోగం పోయి వచ్చినవాడికి పెళ్ళికొడుక్కి చేసినంత మర్యాద చేస్తున్నారు. మామగారు మళ్ళీ పక్కింటాయన్ని పిలిచారు: "మా చిన్నల్లుడండీ. అంత పెద్ద కంపెనీని నిలదీశాడు!" కారు చేసినప్పుడు ఎంత పొంగిపోయారో, కారు పోయాక అంతకు రెట్టింపు పొంగిపోతున్నారు. వీడు ఏం పోగొట్టుకున్నా అది వీడికి కిరీటమై కూర్చుంటుంది.

ఇలా అనుకుంటుండగానే వాడు అడ్డుపడ్డాడు. "మామయ్యా, కనిపెట్టింది అన్నయ్య. అన్నయ్య కారు కింద దూరకపోతే నేను ఇప్పటికీ గ్లాసులు కొలుస్తూ ఉండేవాణ్ణి."

అందరూ నా వైపు తిరిగారు. "ఔనా అల్లుడూ! నీకసలు అనుమానం ఎందుకొచ్చింది?" అన్నారు మామగారు, మనస్ఫూర్తిగా.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నా నోటి నుంచి ఏం వస్తుందా అని చూస్తోంది.

"వాడి పని ఎంత గొప్పదో దగ్గర్నుంచి చూడలేక, ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని దూరాను మామయ్యా" అన్నాను. "దొరికాక వెంటనే చెప్పలేదు. శుక్రవారం ఆ కారు గుద్దుకునేదాకా చెప్పలేదు."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మామగారు నన్ను చాలాసేపు చూసి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. దొరగారు నేల చూస్తున్నాడు. పిట్ట ఒక్కతే వచ్చి నా పక్కన కూర్చుంది, దానికి అర్థం కాలేదు కాబట్టి.

ఆగస్టు 5

ఆఫీసుకి వెళ్ళాను. వచ్చాను.

ఆగస్టు 9, ఆదివారం

మామగారు ఫోన్ చేశారు. మా ఆవిడకి కాదు, నాకు. పాత స్కూటర్ మొరాయిస్తోంది, ఓసారి వచ్చి చూడమన్నారు. వెళ్ళాను. ఇద్దరం వాకిట్లో కూర్చుని దాన్ని ఊడదీశాం. స్పానర్ అందించమన్నప్పుడు తప్ప ఆయన మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు, "వచ్చే వారం కూడా రా. బ్రేకులు చూడాలి" అన్నారు.

ఆగస్టు 13, గురువారం

డైరెక్టర్ పిలిచారు. చివరికి పైవాళ్ళు ఒప్పుకున్నారట, సరిపోల్చే పరీక్షల కోసం కొత్త విభాగం పెడుతున్నారు. ఇకపై షోరూంల నుంచి బళ్ళు కొని విప్పి చూస్తారట. దానికో పెద్ద కావాలి. నా గుండె ఒక్కసారి ఎగిరింది.

"మీ తోడల్లుడు ఇప్పుడు ఖాళీగానే ఉన్నారు కదా" అన్నారాయన.

గుండె వచ్చి మళ్ళీ దాని చోట కూర్చుంది.

"కంపెనీ వాళ్ళు ఏ మూల ఏం దాస్తారో ఆయనకి తెలిసినంతగా మనకి తెలియదు. కానీ ఏళ్ళ తరబడి అటువైపు పనిచేసిన మనిషి. పైన సందేహిస్తున్నారు. మీరు దగ్గర్నుంచి చూసినవాళ్ళు. ఎలాంటివాడో ఒక్క మాట చెప్పండి. మీరు వద్దంటే ఇంక ఆలోచించను."

నేను పెద్దగా ఏమీ అనక్కర్లేదు. "మంచివాడేనండీ, కాకపోతే..." అని ఆగితే చాలు. పక్క గదిలో వాడు. నా సంతకాల పైన వాడి సంతకం. నెల తిరక్కుండా బొమ్మలమ్మ దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ వాడి మనుషులు. ఇవన్నీ కళ్ళ ముందు తిరిగాయి. డైరెక్టర్ ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. బయట ఎవరో ట్రాలీని వెనక్కి లాగుతున్న చప్పుడు.

"నాకంటే బాగా చేస్తాడు" అన్నాను.

అన్నాక తేలికపడతాననుకున్నాను. పడలేదు. కడుపులో ఉన్నది ఉన్నట్టే ఉంది. అయినా మాట బయటికి వచ్చేసింది, డైరెక్టర్ రాసేసుకున్నారు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. చాలా రోజుల తర్వాత ఎదురుగా కూర్చుంది.

"నిజంగా అలాగే అన్నారా?"

"అలాగే అన్నాను."

"కష్టమనిపించిందా?"

"ప్రాణం పోయింది."

నవ్వింది. ఆపుకోబోయి ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

ఆగస్టు 31, సోమవారం

వాడు రేపు చేరుతున్నాడు. కొత్త గది ఇంకా తయారు కాలేదని ప్రస్తుతానికి నా గదిలోనే రెండో బల్ల వేస్తామన్నారు. "ఎక్కడ వెయ్యమంటారు సార్?" అని అడిగితే, కిటికీ పక్కన వెయ్యమన్నాను. మంచి గాలి వస్తుంది అక్కడ. వెలుతురు కూడా.

వాళ్ళు వెళ్ళాక గుర్తొచ్చింది, కిటికీ పక్కన ఇన్నాళ్ళూ కూర్చున్నది నేనే. వెంటనే వెనక్కి పిలిచి మార్పించవచ్చు. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళాను కూడా.

పిలవలేదు. నా బల్లని నేనే లాక్కుని గోడ పక్కకి జరుపుకున్నాను.